ముక్కమ్మ బాగుందన్న సీసా

ముక్కమ్మకి వాసన పోయిందన్న సంగతి ముక్కమ్మకి తప్ప మరో పురుగుకి తెలియదు.

ముక్కమ్మ ఆమె అసలు పేరు కాదు, హోటల్లో పడిన పేరు. చేపలూ రొయ్యలూ పీతలూ తప్ప మరొకటి పెద్దగా వండని ఆ హోటల్లో, ఏ పళ్ళెం పక్కన ఏ వైను నిలబడాలో చెప్పడం ఆమె పని. సీసా బిరడా తీసి, గ్లాసులో రెండు చుక్కలు ఒంపి, ముక్కు లోపలికి పెట్టి ఒక్క ఊపిరి తీసిందంటే ఆ వైను పుట్టుపూర్వోత్తరాలన్నీ అప్పజెప్పేది. ఇది ఎండలో పండిన ద్రాక్ష, ఇది నీడపట్టున పండింది, దీన్ని చెక్కపీపాలో పడుకోబెట్టారు, దీని బిరడాకి బూజు పట్టింది కాబట్టి ఇది తూములో పారబోయడానికి తప్ప దేనికీ పనికిరాదు అని. చేపకీ వైనుకీ సంబంధం కుదర్చడంలో ఆమెని మించిన పెళ్ళిళ్ళ పేరయ్య లేడని హోటలు యజమాని ఊరంతా చెప్పుకునేవాడు. చెప్పుకోడా మరి, ఆమె స్వయానా ఆయన చెల్లెలి కూతురు.

వానలు మొదలైన కొత్తలో ఒక జ్వరం వచ్చింది. ఆమెకీ వచ్చింది, ఆమె మొగుడికీ వచ్చింది. మొగుడు అదే హోటల్లో వంటమాస్టరు. ఇద్దరూ ఒకే మంచం మీద ఒకరి దుప్పటి ఒకరు లాక్కుంటూ మూలిగి, ఒకేసారి లేచి, ఒకేసారి పనిలోకి వచ్చారు. వచ్చిన రోజు ఆమె ఒక తెల్ల వైను తెరిచి గ్లాసులో ముక్కు పెట్టింది. ఏమీ లేదు. మంచినీళ్ళ గ్లాసులో పెట్టినట్టుంది. జలుబు ఇంకా వదల్లేదేమో అనుకుంది. మర్నాడు నిమ్మచెక్క పిండి చూసుకుంది. వెల్లుల్లి నలిపి చూసుకుంది. ఆఖరికి ఫినాయిలు డబ్బా మూత తీసి దాని మీద వంగింది. కళ్ళు మండాయి గానీ ముక్కుకి కబురందలేదు. ఆ డబ్బా పట్టుకుని గోడకి చేరబడి అలాగే నిలబడిపోయింది. నేల కాళ్ళ కిందే ఉందా, ఎటైనా జారిపోయిందా అన్నది కూడా తెలియలేదు. పొద్దున్నే లేచి చూసుకుంటే మొహం మీద ముక్కే లేనట్టుంది ఆమెకి.

మావయ్యతో చెప్పేసి ఉండొచ్చు. కానీ జ్వరానికి ముందే ఆయన ఒక మాట అని ఉన్నాడు.

"నా ఒంట్లో ఓపిక అయిపోయిందే అమ్మాయ్. ఈ ఏడాది చివర సెలవుల విందు మీ మొగుడూ పెళ్ళాల చేతుల్లో పెడుతున్నా. వంట వాడిది, వైను నీది. గట్టెక్కించారా, కొత్త ఏడాది నుంచి హోటలు మీదే. లేదూ, పక్క బట్టలషాపాయన మధ్యగోడ పగలగొట్టి కలిపేసుకుంటానని నా చెవిలో జోరీగలా తిరుగుతున్నాడు. ఆయనకిచ్చేసి కాళ్ళు చాపుకుని కూర్చుంటా. బట్టలకి ముళ్ళుండవు, నీచుకంపు ఉండదు."

పెళ్ళైన దగ్గర్నుంచి ఆ హోటలే వాళ్ళ బతుకు. మొగుడు ఆ పొయ్యి దగ్గరే చెయ్యి కాల్చుకుని పని నేర్చుకున్నాడు. ఆమె ఆ గల్లా వెనకాలే పిల్లకి పాలిచ్చింది. ఇప్పుడు "నాకు వాసన తెలియడం లేదు" అని నోరు తెరిస్తే ఆ నోట్లో మట్టి పడ్డట్టే. అందుకని నోరు మూసుకుంది.

నాలుక మాత్రం పనిచేస్తూనే ఉంది. పులుపు, తీపి, చేదు, వగరు, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. చేపకి వైను కుదర్చడంలో సగానికి పైగా పని ఆ నాలుగింటితోనే అయిపోతుంది. కానీ సీసా పాడైందా బాగుందా చెప్పవలసింది ముక్కు. దానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. తెరిచిన ప్రతి సీసా నుంచీ ఒక గుక్క గ్లాసులో ఒంపుకుని వంటగదిలోకి వెళ్ళేది.

"ఏవయ్యా మాస్టరూ, నేను చూశాలే గానీ, నీ మాట కూడా ఒకసారి విందామని."

అతను గరిటె పక్కన పెట్టి, గ్లాసు ముక్కు దగ్గర తిప్పి, గుక్క తాగి, కళ్ళు మూసుకుని తల ఊపేవాడు. "బాగుంది."

ఆమె గుండె కుదుటపడేది. అతని ముక్కు సంగతి ఆమెకి తెలియనిదా! మూత పెట్టిన గిన్నెలో ఏం ఉడుకుతోందో వీధిలోంచే చెప్పేవాడు. వెనక్కి తిరగబోతుంటే అతను చెంచాతో చేపనీళ్ళు ఆమె నోటికి అందించేవాడు. "నువ్వూ ఇది చూసి పో." ఆమె చప్పరించేది. ఉప్పు తగులుతోంది, పులుపు తగులుతోంది. మిగతాది అతని చేతికి వదిలేసి, "బాగుంది" అనేది.

వడ్డించేవాళ్ళు ఇదంతా చూసి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు. "జ్వరం తగిలాక వీళ్ళకి కొత్త కాపరం మొదలైందిరా. ఒకళ్ళ నోట్లో ఒకళ్ళు పెట్టుకోవడం, కళ్ళు మూసుకోవడం!"

ఆ రోజుల్లోనే ఒకనాడు కిటికీ పక్క బల్ల దగ్గర గార్డుగారు గ్లాసు కింద పెట్టి మొహం చిట్లించారు. రైల్లో గార్డుగా చేసి రిటైరైన మనిషి. భార్య పోయాక వారం వారం వచ్చి, ఆవిడ ఎప్పుడూ కూర్చునే కుర్చీకి ఎదురుగా కూర్చుని, ఒక చేపా ఒక గ్లాసు తెల్ల వైనూ తీసుకుని వెళ్ళేవారు.

"అమ్మా, ఇందులో ఏదో తేడాగా ఉన్నట్టుంది. ఒకసారి చూస్తావా?"

ఆమె గ్లాసులో ముక్కు పెట్టి చూసింది. అనుమానం వచ్చి లోపలికి తీసుకెళ్ళి మొగుడికిచ్చింది. "బాగుంది" అన్నాడు. బయటికొచ్చి నవ్వుతూ గ్లాసు ఆయన ముందు పెట్టింది. "బంగారంలా ఉందండీ."

"నువ్వన్నావంటే ఇక తిరుగేముంది," అని ఆయన గ్లాసు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆ తరవాత మళ్ళీ రాలేదు. కూతురి ఊరికి వెళ్ళి ఉంటారని అందరూ అనుకున్నారు.

*

విందుకి వారం ఉందనగా ఒక మధ్యాహ్నం, ఖాళీగా ఉన్న హాల్లో నలుగురూ కూర్చున్నారు. మావయ్య, అత్తయ్య, మాస్టరు, ముక్కమ్మ.

"మొదట మంచు మీద పచ్చి ఆల్చిప్ప గుల్లలు," అన్నాడు మాస్టరు వేళ్ళు మడుస్తూ. "తరవాత వేయించిన రొయ్యలు. వెన్నలో పీత. పెద్ద చేప ఓవెన్లో కాల్చి. మాంసం కావాలనే వాళ్ళకి బాతు."

ముక్కమ్మ సీసాలు ఒక్కొక్కటే బల్ల మీదికి తెచ్చింది. "గుల్లలకి ఇది. పళ్ళు పులిసేంత పులుపు. నిమ్మకాయ పిండక్కర్లేదు, ఇదే పిండుతుంది. రొయ్యలకి బుడగల వైను. నూనె జిడ్డుని బుడగ కడిగి పారేస్తుంది. పీత మాంసమే తియ్యన, దాని పక్కన మరీ పుల్లటిది కూర్చోబెడితే సవతుల పోరు. అందుకని కాస్త తీపి మిగిలినది. కాల్చిన చేప బరువు మోయాలంటే చెక్కపీపాలో పడుకుని లేచిన తెల్లది. బాతుకి పల్చటి ఎర్రది."

"ఇన్ని తెల్లవాటికి ఒక్క ఎర్రదా? ఏదో ఆసుపత్రిలో విందు పెట్టినట్టుంది," అన్నాడు మావయ్య. లేచి అలమరాలోంచి ఒక నల్లటి సీసా దుమ్ము తుడుచుకుంటూ తెచ్చాడు. "ఇదిగో, ఇదీ దర్జా అంటే. గ్లాసులో పోస్తే అవతలివైపు కనపడదు. పెద్ద చేప పక్కన ఇది పెట్టు."

"దర్జాకేం మావయ్యా, దండిగా ఉంది. వగరు కూడా అంతే ఉంది. ఆ వగరుకి చేప తగిలితే నోట్లో తుప్పు మేకు పెట్టుకున్నట్టుంటుంది."

"అంతా నీ చోద్యం."

"పోనీ ఒక ముక్క తిని ఒక గుక్క తాగండి."

ఆయన తిన్నాడు, తాగాడు. మొహం గుండ్రంగా ఉన్నది కాస్తా పలకలైంది. "ఛీఛీ! తాళంచెవి నాకినట్టుందే!"

"తాళంచెవులు ఎప్పుడు నాకారండీ తమరు?" అంది అత్తయ్య కూర్చున్న చోటు నుంచే.

అత్తయ్య పుట్టి బుద్ధెరిగాక వైను చుక్క ముట్టలేదు. ఆ వాసనే కిట్టదంటుంది. ఆమెది పోలీసు కుక్క ముక్కు. మావయ్య వీధి మలుపులో చుట్ట కాల్చి, పుక్కిలించి, సోంపు నమిలి వచ్చినా గుమ్మంలోనే పట్టేస్తుంది.

ముక్కమ్మ అన్ని గ్లాసుల్లోనూ ముక్కు పెట్టి, మొగుడికి అందించింది. అతను ఒక్కొక్కటీ తిప్పి, పీల్చి, తాగి, "బాగుంది", "బాగుంది" అన్నాడు. మావయ్య తొడ చరుచుకున్నాడు. "ఆ ముక్కు, ఈ నాలుక. రెండూ నా ఇంట్లో ఉండగా నాకేం భయం!"

*

విందు రోజు మధ్యాహ్నం చలిగాలికి వంటగది కిటికీలన్నీ బిడాయించి ఉన్నాయి. మాస్టరు చేపల తలలూ ముళ్ళూ పెద్ద గిన్నెలో వేసి సన్నని మంట మీద పెట్టి, బల్ల దగ్గర పీతలు పగలగొడుతున్నాడు. ముక్కమ్మ ఆ పక్కనే నిలబడి గ్లాసులు తుడుస్తోంది. ఒక్కొక్క గ్లాసునీ వెలుతురుకి ఎత్తి చూసి వరసగా పేరుస్తోంది. ఆ పూట ఇద్దరికీ మనసు తేలిగ్గా ఉంది. అతను ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాడు.

"గిన్నె పొంగినట్టుందయ్యా," అంది ఆమె.

అతను వెళ్ళి చూశాడు. పొంగిన నీళ్ళు పొయ్యి చుట్టూ చారలు కట్టి, ఆరిపోయి కూడా ఉన్నాయి. "ఎప్పుడు పొంగిందో ఏమో, మంట ఆరిపోయింది. వెలిగిస్తానుండు." మేకుకి వేలాడుతున్న లైటరు అందుకున్నాడు.

వెనకతలుపు ధడాలున తెరుచుకుంది. ఇస్త్రీ చేసిన బల్లగుడ్డల మూట చంకన పెట్టుకుని గుమ్మంలో అత్తయ్య. అడుగు లోపల పెట్టిందో లేదో ఆమె మొహం తెల్లగా పాలిపోయింది.

"ఆగరా! వెలిగించకు! చెయ్యి తియ్యి!"

మూట జారి నేల మీద పడింది. అత్తయ్య మోకాళ్ళ నొప్పులున్న మనిషి. ఎలా వచ్చిందో, వచ్చి అతని చేతిలోంచి లైటరు లాగి వాకిట్లోకి విసిరేసింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పొయ్యి మర కట్టింది. కిటికీలు ఒక్కొక్కటే బాదుతూ తెరిచింది.

"స్విచ్చి జోలికి వెళ్ళకండి! బయటికి నడవండి ముందు! గదంతా గ్యాసు నిండిపోయుంటే ఇద్దరూ పాటలు పాడుకుంటున్నారా? గుడ్డు కుళ్ళినట్టు వీధిలోకి కొడుతోంది కంపు. మీ ముక్కులు ఏ గంగలో కలిశాయే!"

ముగ్గురూ వాకిట్లో పడ్డారు. గాలి జివ్వున తగిలింది. లోపల పేర్చిన గ్లాసులు ఇక్కడినుంచి కూడా తళతళ మెరుస్తున్నాయి. వాటి వెనకాల గోడ, గోడకి అవతల బట్టలషాపు, మేడ మీద పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న తమ పిల్ల. ముక్కమ్మ తల తిప్పి మొగుడి వైపు చూసింది. అతను అప్పటికే ఆమెని చూస్తున్నాడు. లైటరు పట్టుకున్న చెయ్యి ఇంకా అలాగే గాల్లో ఉంది.

"నీకు రాలేదా?" అన్నాడు.

"నీకు?" అంది.

అతను చెయ్యి కిందికి దించాడు.

"జ్వరం నుంచి."

"నాక్కూడా."

"మరి నేను చెంచా పెట్టినప్పుడల్లా బాగుందన్నావు?"

"నీ చెయ్యి తప్పదు కదా అని. నువ్వు? అన్ని సీసాలు చూపించాను, ఒక్కటి కూడా బాగాలేదనలేదు."

"నువ్వు చూసే తెచ్చావు కదా. నీ ముక్కుండగా నాదెందుకు అనుకున్నా."

అత్తయ్య వీళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది. ముక్కు మీద వేలు వేసుకోవడమంటారే, నిజంగానే వేసుకుంది. వేలు అక్కడే ఉండిపోయింది.

"అంటే, గుడ్డోడి భుజం పట్టుకుని గుడ్డోడు నడిచాడన్నమాట. నడిచారు సరే, ఇన్నాళ్ళూ ఏ గోతిలోనూ పడకుండా ఎలా నడిచారే?"

అదే ముక్కమ్మకీ అంతుపట్టలేదు. ఇన్ని రోజులు, ఇన్ని బల్లలు, ఇన్ని గ్లాసులు. ఒక్కళ్ళు కూడా ఇది బాగాలేదని గట్టిగా అనలేదు. ఎందుకనలేదు?

అరుపులకి మావయ్య వచ్చాడు. విన్నాడు. నిలబడి వినడం మొదలుపెట్టినవాడు సగంలో మెట్టు మీద కూలబడ్డాడు.

"ముందు ఆ సీసాల సంగతి చూడండి," అన్నాడు. "ఎవరు చూస్తారు? నేను చుట్టలు కాల్చి కాల్చి ముక్కుని చిమ్నీ చేసుకున్నా."

అందరి చూపులూ అత్తయ్య మీదికి తిరిగాయి.

"నేనా! ఆ ద్రాక్షపులుపు నీళ్ళు నేను ముట్టను."

"ముట్టొద్దు అత్తయ్యా, వాసన చూడు చాలు."

"చూస్తే అంటుకోదు కదా?" అని అడిగి, అంటుకోదని ముగ్గురిచేతా చెప్పించుకుని, అత్తయ్య ముక్కుపుడక సర్దుకుని కూర్చుంది. ముక్కమ్మ ఒక్కో పెట్టె నుంచి ఒక్కో సీసా తెరిచి ఇస్తుంటే అత్తయ్య చెప్పుకుపోయింది. "ఇది పచ్చి జామకాయ. ఇది తేనె. ఇది కొత్త బీరువా తెరిచినట్టుంది, పర్లేదు." అలా వచ్చి వచ్చి ఒక సీసా దగ్గర ఆమె తల వెనక్కి విసురుగా వెళ్ళింది. "అబ్బ! తడిసిన గోనెసంచి మూలన పడేసి మర్చిపోయినట్టుంది. ఇది మనుషులు తాగేదేనా?"

పెద్ద చేప పక్కన పెడదామనుకున్న తెల్ల వైను అది. ఆ పెట్టెలో ఇంకా కొన్ని తెరిచారు. సగం అదే కంపు. బిరడాలకే బూజు పట్టింది. ఆ పెట్టె జ్వరానికి ముందు వచ్చినా తెరిచింది జ్వరం తగ్గాకే. అందులోంచి ఎవరెవరికి పోసిందో గుర్తు తెచ్చుకోబోయి ముక్కమ్మ ఆగిపోయింది. వంటగదిలో గిన్నెలన్నీ కూడా అత్తయ్య ముక్కు కింద నుంచి నడిచాయి. చేపని మాస్టరు కంటితో చూసి వేలితో నొక్కి తెస్తాడు కాబట్టి అందులో వంక దొరకలేదు. వెన్న మాత్రం ముక్కిపోయింది. తీసి పారేసి కొత్తది తెప్పించారు.

మావయ్య లేచి నిలబడ్డాడు. "ఈ మాట ఈ నాలుగు గోడలు దాటడానికి వీల్లేదు. మీ అత్త తలుపు వెనకాల కూర్చుని ప్రతి సీసా చూస్తుంది. నువ్వు హాల్లో మామూలుగా ముక్కు పెట్టి, తల ఊపి, పోసెయ్. విందు అయ్యేలోగా ఒక్క చెవిన పడిందా, వాసన తెలియని వాళ్ళు వండి పోసే చేపల హోటలంటే కుక్క కూడా గుమ్మం తొక్కదు. అప్పుడు బట్టలషాపాయనకి నేను ఫోన్ చెయ్యక్కర్లేదు, ఆయనే సగం ధరకి అడుగుతాడు. అర్థమైందా?"

ఇద్దరూ తలలూపారు.

*

సాయంత్రానికి హాలు నిండింది. బట్టలషాపాయన కూడా వచ్చి గోడ పక్క బల్ల చూసుకుని కూర్చున్నాడు. తింటున్నంతసేపూ ఆయన కళ్ళు ఆ గోడ మీదే ఉన్నాయి, ఎక్కడినుంచి పగలగొట్టాలా అన్నట్టు.

ముక్కమ్మ ప్రతి బల్ల దగ్గరా గ్లాసులో ముక్కు పెట్టింది, కళ్ళు మూసుకుంది, తల ఊపింది. లోపల తలుపు వెనకాల అత్తయ్య అప్పటికే "ఊఁ" అన్న సీసాలవి. గుల్లలు వెళ్ళాయి, రొయ్యలు వెళ్ళాయి. "ఆహా, మీ ముక్కే ముక్కండీ," అంటున్నారు జనం. ఒక్కొక్క పొగడ్తా ఆమెకి చెంపదెబ్బలా తగులుతోంది. రోజూ ఇలాగే పొగిడారు. గోనెసంచి కంపు తాగుతూ కూడా పొగిడారు.

అప్పుడు కనిపించారు కిటికీ పక్కన గార్డుగారు. మావయ్య పాతవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు కాబట్టి వచ్చారు. బాగా చిక్కిపోయారు. గల్లా దగ్గర తాళాల గుత్తి చేత్తో తిప్పుకుంటూ మావయ్య అన్నీ గమనిస్తున్నాడు. ముక్కమ్మ సీసా తీసుకుని గార్డుగారి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఎన్నాళ్ళైందండీ చూసి! ఊళ్ళో లేరనుకున్నాం. కాల్చిన చేపకి ఇది బాగుంటుంది, చూడండి."

ఆయన గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. "నాకెందుకమ్మా, దండగ. ఇంకెవరికైనా పొయ్యి."

"అదేంటండీ?"

"నా ముక్కు పోయింది తల్లీ." చాలా మామూలుగా అన్నారు, గొడుగు పోయిందన్నట్టు. "ఆ రోజు నువ్వు పోసిన వైను నాకు తడిసిన గోనెసంచిలా కొట్టింది. నిన్నడిగాను గుర్తుందా? నువ్వు వాసన చూసి, లోపలికి కూడా తీసుకెళ్ళి చూపించి, బంగారంలా ఉందన్నావు. నీ ముక్కు తప్పు చెప్పదు కదా. అంటే తేడా నాలోనే ఉంది. ఇంటికెళ్ళి ఏది వాసన చూసినా అనుమానమే. పాలు విరిగినట్టు అనిపిస్తే, నిజంగా విరిగాయా, నాకే అలా అనిపిస్తోందా? ఒంటరివాణ్ణి. గ్యాసు లీకైతే తెలుస్తుందో తెలియదో అని పొయ్యి కూడా తీయించేశాను. రొట్టెముక్కలు తిని కాలక్షేపం చేస్తున్నా."

ముక్కమ్మ సీసా బల్ల మీద పెట్టేసింది. మధ్యాహ్నం గ్యాసు నిండిన గదిలో ముక్కు లేని ఇద్దరు పొయ్యి వెలిగించబోయారు. ముక్కున్న ఈ మనిషి, ఆమె మాట నమ్మి, ఇన్నాళ్ళు పొయ్యి లేకుండా బతికాడు. ఎవరూ ఎందుకు అనలేదన్నది అప్పుడు అర్థమైంది. అందరి ముక్కులకీ తెలిసింది. ముక్కమ్మ బాగుందంది కాబట్టి వాళ్ళు తమ ముక్కుల్నే అనుమానించుకున్నారు.

గల్లా దగ్గర తాళాల చప్పుడు ఆగిపోయింది. మావయ్య ఆమెనే చూస్తున్నాడు. కళ్ళతోనే వద్దంటున్నాడు. ఇప్పుడు నవ్వేసి, "అయ్యో పాపం" అని పక్క బల్లకి వెళ్ళిపోతే సరిపోతుంది. విందు గట్టెక్కుతుంది. హోటలు దక్కుతుంది. ఈయన ఇంటికెళ్ళి రొట్టెముక్క తింటారు.

"మీ ముక్కు పోలేదండీ," అంది ముక్కమ్మ. గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "నాది పోయింది."

చుట్టుపక్కల చెంచాల చప్పుడు సన్నగిల్లింది.

"వానాకాలం జ్వరంలో నాకు వాసన పోయింది. మా ఆయనకీ పోయింది. ఒకరికి పోయిందని ఒకరికి తెలియక ఇద్దరం మీకు బాగుందని చెప్పాం. ఆ రోజు మీకు పోసింది పాడైన సీసా. అది మాకు ఇవాళే తెలిసింది."

బట్టలషాపాయన నోట్లో పెట్టుకోబోయిన రొయ్య సగం దూరంలో ఆగిపోయింది. వడ్డించేవాళ్ళు పళ్ళేలు పట్టుకుని బొమ్మల్లా నిలబడ్డారు. మొదట గొంతు లేచింది ఒక పెద్దావిడది. "మరైతే ఇప్పుడు మేం తాగేది ఎవరు చూశారమ్మా?"

"నేను చూశాను!"

వంటగది తలుపు తోసుకుని అత్తయ్య వచ్చింది. కొంగు నడుముకి చుట్టి ఉంది. ఒక చేతిలో మధ్యాహ్నం పక్కన పెట్టిన సీసా. "ఒక్కొక్కటీ నా ముక్కు కింద నుంచే వచ్చాయి. చుక్క ముట్టలేదు, అది వేరే సంగతి. భయం లేకుండా తాగండి." తిన్నగా గార్డుగారి దగ్గరికి నడిచి ఆ సీసా ఆయన ముక్కు కింద పెట్టింది. "అన్నయ్యగారూ, చెప్పండి. ఏమొస్తోంది?"

ఆయన భయపడుతూ వంగారు. ఊపిరి తీశారు. తల చటుక్కున వెనక్కి వెళ్ళింది.

"గోనెసంచి! అదే! తడిసిన గోనెసంచి!"

"మధ్యాహ్నం నేనూ అదే మాటన్నాను. కావాలంటే మావారిని అడగండి."

ఆయన ఇంకోసారి వాసన చూశారు. ఆ పాడు కంపుని సెంటులా పీల్చారు. "పోలేదు! నాకు పోలేదమ్మా!" అంటుంటే ముసలి కళ్ళల్లోంచి నీళ్ళు జారి గడ్డం మీదికి వచ్చాయి. పక్కబల్ల వాళ్ళ నోటి వెంట ఎలా వచ్చిందో, నవ్వు వచ్చింది. అది ఇంకో బల్లకి పాకింది. "అవునండోయ్, మొన్నోసారి నాకూ తేడా కొట్టింది, ముక్కమ్మ చూసిందంటే ఊరుకున్నా," అన్నాడొకాయన. "నాకూ!" అంది ఇంకొకావిడ. ఇద్దరు మాత్రం నవ్వలేదు. లేచి, కుర్చీలు జరిపి, కోట్లు వేసుకుని వెళ్ళిపోయారు. ముక్కమ్మ వాళ్ళ కోసం తలుపు తీసి పట్టుకుంది.

మావయ్య జేబులు తడుముకుంటున్నాడు. "నా ఫోనేదే?"

"నా బొడ్లో ఉంది," అంది అత్తయ్య. "ఎవరికి చేస్తారు? ఆయన అదిగో, రొయ్య పట్టుకుని కూర్చున్నాడు. నోటితోనే చెప్పండి."

మావయ్య బట్టలషాపాయన వైపు చూశాడు. బట్టలషాపాయన రొయ్యని నోట్లో పెట్టుకుని, బుడగల వైను ఒక గుక్క తాగి, కాసేపు నమిలి, "బాగుందండీ మరి," అన్నాడు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.

*

పెద్ద చేప లోపలే ఉంది. ముక్కమ్మ వంటగదిలోకి వచ్చేసరికి మాస్టరు ఓవెన్ ముందు నిలబడి ఉన్నాడు. హాల్లో మాటలన్నీ అక్కడికి వినపడ్డాయి.

"చెప్పేశావా?"

"చెప్పేశా."

"మంచిపని చేశావు. ఇటు రా, ఈ పళ్ళెం కాస్త పట్టుకో."

మావయ్య లోపలికి వచ్చాడు. ఇద్దరి వైపూ చూడలేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళి, మర తానే తిప్పి చూసి, గొట్టం తడిమి చూసి, కిటికీ రెక్క లాగి చూశాడు. లైటరు వేలాడదీసే మేకు ఖాళీగా ఉంది. దానికి తాళాల గుత్తి తగిలించాడు.

"పొయ్యి కట్టేసి, కిటికీలు తెరిచి, అప్పుడు ఇవి తీసుకుని తలుపేసి రండి. ఆ వరసలోనే." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఆ గార్డుగారిని రోజూ రమ్మన్నాను. మీ అత్త రోజూ రాలేదట, మోకాళ్ళట."

ఆయన వెళ్ళాక మాస్టరు చేప మీద పోయవలసిన వెన్న చెంచాతో తీసి, ఊది, ఆమె నోటికి అందించాడు.

"ఎలా ఉంది?"

ఆమె చప్పరించింది. ఈసారి తొందరపడలేదు. "ఉప్పు సరిపోయింది. పులుపు సరిపోయింది. మిగతాది నాకు తెలియదు."

"నాకూ తెలియదు," అన్నాడు అతను. తలుపు తీసి హాల్లోకి తొంగిచూసి కేకేశాడు. "అత్తయ్యగారూ, ఒక్కసారి ఇలా వస్తారా!"